తోడు కూర్చునే పని

ఇది నిజానికి మహాకావ్యం కావాల్సిన కథ. ఇందులో మూడు పట్టణాలున్నాయి, ఒక రహస్యముంది, ఇద్దరు యువతుల మధ్య వైరముంది, నిండు సభలో ఒక కన్య మీద పడిన నింద ఉంది. సీసపద్యాలు కట్టగలిగినవాళ్లు దొరికితే ఎనిమిది ఆశ్వాసాలకు ఢోకా లేదు. కానీ నాకు పద్యం రాదు. పైగా జరిగింది కూడా అంత లేదు. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఇనుప బెంచీ మీద నేను ఒక పూట కూర్చున్నాను. నాకంటే బాగా కూర్చునే మనిషి కోదాడలో ఉంది. వైరం దాని గురించే. ఆ వైరం సంగతి ఆ మనిషికి ఇప్పటికీ తెలియదు.

ముందు సంస్థ గురించి చెప్పాలి. సూర్యాపేటలో ఒక ఎరువుల దుకాణం పైన మా ఆఫీసు. పిల్లల్ని కనాలా వద్దా, ఎప్పుడు కనాలి, ఎందరిని కనాలి అన్నది కనే మనిషే తేల్చుకోవాలన్నది మా సిద్ధాంతం. సిద్ధాంతం గొప్పదే. ఆచరణలోకి వచ్చేసరికి అది ఫోన్ ఎత్తడం, ఏ దవాఖానకు పోవాలో చెప్పడం, ఒంటరిగా పోలేనివాళ్లకు తోడుపోయి పక్కన కూర్చోవడం. నేను ఈ సంస్థ బోర్డులో సభ్యురాలిని. జీతం లేదు. పాలకవర్గం అంటారు గానీ పాలించడానికి అక్కడ రెండు టేబుళ్లు, ఒక కూలరు ఉన్నాయి. కూలరు మా మాట వినదు.

బోర్డు అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్. అందరం టీచరమ్మ అంటాం. యువతరం నుంచి ఒకరుండాలని ఆవిడే నన్ను పట్టుకొచ్చింది. మాది మిర్యాలగూడ, మాకు రైసు మిల్లుంది, నేను ఆ మిల్లు ఆఫీసులో కూర్చుంటాను. అంటే కూర్చోవడంలో నాకు అనుభవముంది. అదే నా అర్హత అనుకుంటాను. కొన్నాళ్లు బోర్డులో యువతరమంటే నేనొక్కదాన్నే. నేనేదైనా జోకు వేస్తే టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేది. ఆ రోజులు బాగుండేవి.

తరువాత కోదాడ అమ్మాయి వచ్చింది.

ఆమె ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరు. ఇంట్లో గొర్రెలున్నాయి, అన్నలు మేపుతారు. ఆమె మాటలో ఆంధ్రా గాలి తగులుతుంది. ప్రతి మాట చివరా ఒక 'అండీ' ఉంటుంది, మెత్తటి దిండులాగా. మా దిక్కు ఆడవాళ్లు ఆ దిండు మీద తలపెట్టి ఏడ్చేవాళ్లు. ఫోనెత్తి ఆమె 'చెప్పండి' అంటుంది. అంతే. అవతలివాళ్లు చెబుతారు. చాలాసేపు చెబుతారు. నేను ఎత్తితే అలా జరగదు. ఒకసారి ఒకావిడ "డాక్టరమ్మ తిడుతదా?" అని అడిగింది. "తిట్టనీకె వేరే ఫీజు తీస్కుంటది, నువ్వు కట్టకు" అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేసినప్పుడు, కోదాడ మేడం ఉంటేనే ఇయ్యమంది.

ఒకరోజు మీటింగులో టీచరమ్మ అడిగింది, దవాఖానలో తోడు కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలి అని. కోదాడ అమ్మాయి కాస్త ఆలోచించి, "మా ఇంట్లో గొర్రె ఈనేటప్పుడు అమ్మ పక్కన ఊరికే కూర్చునేదండి. ముట్టుకునేది కాదు, మాట్లాడేది కాదు. ఎవరో ఒకరు ఉన్నారని దానికి తెలిస్తే చాలు అనేదండి" అంది. టీచరమ్మ రాసుకుంటున్న పెన్ను ఆగింది. కూలరు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నేను మా ఇల్లంతా గాలించుకున్నాను, అంత బరువైన మాట ఏదైనా దొరుకుతుందేమోనని. మాకున్నవి బియ్యం బస్తాలు. బస్తాలు ఈనవు.

మా సంస్థకొక పద్ధతుంది. కాన్పుల దవాఖానలో మనకు ఎదురుపడేది శత్రువులు కాదు, చుట్టాలు. వాళ్ల కంట పడితే సాయంత్రానికి వార్త ఊరు చేరుతుంది. అందుకని మిర్యాలగూడ వాళ్లను కోదాడకు పంపుతాం, కోదాడ వాళ్లను సూర్యాపేటకు, సూర్యాపేట దిక్కు వాళ్లను మిర్యాలగూడకు. ఏ బస్సు ఎక్కాలి, ఏ స్టాపులో దిగాలి, ముసుగు ఏ రంగుదైతే కంట పడదు, అన్నీ బోర్డులో చర్చించాం. ముసుగు రంగు మీద ఒక మీటింగంతా పోయింది. పక్కన కూర్చునేవాళ్లకు కూడా ముఖం ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టే అవసరమూ రాలేదు. అందరూ కోదాడ అమ్మాయినే అడిగేవాళ్లు, ఎక్కడికైనా ఆమే వెళ్లేది. మిర్యాలగూడలో ఆమెను ఎరిగినవాళ్లు లేరు.

ఆ శుక్రవారం కూడా ఆమే వెళ్లాలి. సూర్యాపేట పక్కన పెన్‌పహాడ్ దిక్కు నుంచి ఒకావిడ వస్తోంది. ముందురోజు మా గ్రూపులో కోదాడ అమ్మాయి మెసేజ్ పెట్టింది: కాలేజీలో సప్లిమెంటరీ ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ పడిందట, తన బదులు ఎవరైనా... ఆ 'ఎవరైనా' తర్వాత ఏముందో నేను చదవలేదు. 'నేను వెళ్తా' అని కొట్టేశాను. టీచరమ్మ బొటనవేలు పెట్టింది. ఇంకో ఇద్దరు దండాలు పెట్టారు. మిర్యాలగూడకు మిర్యాలగూడ మనిషినే పంపుతున్నామని ఒక్కరికీ తోచలేదు. దగ్గర కదా, బస్సు కూడా ఎక్కక్కర్లేదు అనుకున్నాం.

మర్నాడు పొద్దున బస్టాండులో పెన్‌పహాడ్ ఆమెను గుర్తుపట్టడం కష్టం కాలేదు. మేం చెప్పిన రంగు ముసుగు. నా చుట్టూ చూసింది, నా వెనక చూసింది.

"కోదాడ మేడం రాలే?"

"రాలే అక్కా. నేనొచ్చిన."

"వస్త అన్నది గద."

"ఆమెకు పరీక్షల డ్యూటీ పడ్డది."

"మరి నీకు ఏం పని లేదా?"

ఆటో ఎక్కాం. ఆటోలో ఆమె బయటికి చూస్తూనే తన సంగతి చెప్పింది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆపరేషనే. చిన్నది ఇంకా నడవలేదు. మళ్లీ నెల తప్పింది. భర్త లారీ మీద తిరుగుతాడు. నీ ఇష్టం, అమ్మకు మాత్రం తెల్వొద్దు అన్నాడట ఫోనులో. ఇంట్లో జ్వరమని చెప్పి సూర్యాపేటలో ఉండే అక్క దగ్గరికి వచ్చింది, అక్కడినుంచి ఇటు.

"మా అత్త చెడ్డదేం గాదు," అంది. "తిట్టది, కొట్టది. కూసొని ఏడుస్తది. ఊరోళ్లను పిలుసుకొని ఏడుస్తది. ఆమె ఏడుస్తుంటే నా పానం ఆగదు. సరేతీ అని మూడోది గూడ కంట. గందుకే తెల్వొద్దు."

అంటే ఆమెకు కావాల్సింది ధైర్యం కాదు. అది తెచ్చుకునే వచ్చింది. కావాల్సిందల్లా ఈ కబురు పెన్‌పహాడ్ చేరకపోవడం.

దవాఖానలో కౌంటర్ దగ్గరమ్మాయి తల ఎత్తకుండా, "హస్బెండ్ సంతకం కావాలె" అంది. ఈ ఘట్టం కోసం నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. పద్దెనిమిది నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలని చట్టం అంటుందని, భర్తది అడిగే పని లేదని, పేరు బయటికి చెప్పడం కూడా తప్పేనని గడగడా చెప్పాను. ఆ అమ్మాయి లోపలికి పోయి డాక్టరమ్మను అడిగొచ్చి, "సరే, ఆమెది చాలట" అంది. నేను గెలిచాను. కోదాడ అమ్మాయి ఇది చూడాల్సింది అనుకున్నాను.

నేను తోడొచ్చిన మా పెన్‌పహాడ్ అక్క నా చెవి దగ్గర, "కోదాడ మేడం అయితే గింత గట్టిగ మాట్లాడకపోవు" అంది.

బెంచీ మీద కూర్చున్నాం. నేను మాట్లాడలేదు, ముట్టుకోలేదు. గొర్రెల పద్ధతి. ఎంత పక్కాగా కూర్చున్నానంటే, కోదాడ అమ్మాయి కంటే ఎక్కువ మౌనంగా ఉన్నానని నాకే అనిపించింది. అప్పుడు ఎదురుగా ఒక గొంతు వినిపించింది.

"సేటు బిడ్డవు గాదా నువ్వు? గీడేం చేస్తున్నవ్ బిడ్డా?"

మా మిల్లులో బస్తాలు మోసే హమాలీ భార్య. నెలలు నిండిన కోడలిని వెంటబెట్టుకొచ్చింది. మిర్యాలగూడలో నన్ను ఎరిగినవాళ్లు ఉంటారని ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది. పుట్టిన ఊరు కదా, ఉంటారు.

"ఏసీ మంచిగుంటదని వచ్చిన" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నా పక్కకు చూసింది. మా అక్క ముసుగు ఇంకా కిందికి లాక్కుంది.

"ఈమెవరు? ఎక్కడ్నో సూసినట్టుంది. ఏ ఊరు బిడ్డా మీది? మా తల్లిగారిల్లు పెన్‌పహాడే. మా అన్నలు ఆడనే ఉంటరు."

నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. గొర్రెల పద్ధతిలో ముట్టుకోకూడదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది. ఆ మణికట్టే నాకు మొత్తం చెప్పింది. హమాలీ భార్య ముసుగులోకి ఇంకొంచెం తొంగిచూసిందంటే చాలు, వారం తిరక్కముందే అత్త ఏడవడం మొదలుపెడుతుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తీసి సిస్టర్ హాలంతా వినబడేలా, "అబార్షన్ కేసు ఎవరమ్మా? లోపలికి రావాలె" అంది.

నేను లేచాను. ఇక్కడ కావ్యమైతే మబ్బులు ఉరమాలి. నిజం చెప్పాలంటే నేను లేచింది ఆ సిస్టర్‌కు, అమ్మా కాస్త మెల్లగా అని చెప్పడానికి. కానీ లేచి నిలబడేసరికి హాలంతా నా వైపు తిరిగింది. హమాలీ భార్య నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ కళ్లు ముసుగు మీద నుంచి నా పొట్ట మీదికి వచ్చి ఆగాయి. ఇక ముసుగు జోలికి పోవు. ఈ సంగతి నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"వస్తున్నం" అన్నాను సిస్టర్‌తో. వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వు గూడ రా. నాకు భయమైతది" అన్నాను.

మా అక్క లేచి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. నా తలను తన వైపు వంచుకుంది. "భయపడకు బిడ్డా, నేనున్న గద" అంటూ మెల్లగా నడిపించుకుపోయింది. ఎంత సహజంగా చేసిందంటే, తలుపు దాటేదాకా నాకు నిజంగానే ధైర్యంగా ఉండింది. నాకంటే బాగా తోడు ఉండేవాళ్లు కోదాడలోనే కాదు, పెన్‌పహాడ్ దిక్కు కూడా ఉన్నారని ఆ రోజు తెలిసింది.

లోపల పెద్ద పనేం లేదు. తొలి రోజులే కాబట్టి మాత్రలతో అయిపోతుందంది డాక్టరమ్మ. అన్నీ అడిగింది, అన్నీ చెప్పింది, మాత్ర ఇచ్చింది, మిగతావి సూర్యాపేటలో వాళ్ల అక్క ఇంట్లో ఎప్పుడు ఎలా వేసుకోవాలో వివరించింది, మళ్లీ ఒకసారి వచ్చి చూపించుకోమంది. బయటికొచ్చేసరికి హమాలీ భార్య కోడలితో స్కానింగుకు పోయింది. బస్టాండులో మా అక్క బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టింది. నాకేదో చెబుతుందనుకున్నాను.

"కోదాడ మేడంకు చెప్పు, పని అయిందని."

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి గడపలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. మిల్లున్న ఇల్లు మాది, అయినా మా ఇంట్లో చెరగడం ఆగదు.

"హమాలోల్లామె వచ్చిపోయింది" అంది తలెత్తకుండా.

"ఊఁ."

"దవాఖానల కలిసినవట."

"కలిసిన."

"ఎవడే వాడు?"

"ఎవ్వడు లేడమ్మా."

"ఎవ్వడు లేకుంటె గిట్లెట్ల అయితది?"

"నాకు గాదు. వేరే ఆమెకు తోడుపోయిన."

"తోడొచ్చింది ఆమెనట. నీకు భయమైతదన్నవట."

"అన్న."

"ఎందుకన్నవ్?"

ఇక్కడ నిజం చెప్పేయొచ్చు. చెబితే అమ్మ చాట పక్కన పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మిల్లు దాకా పోయి, మా పిల్లకు కాదు, ఫలానా దిక్కునుంచి వచ్చిన ఆమెకు అని హమాలీ భార్యకు చెప్పొస్తుంది. కూతురి పేరు నిలబెట్టుకోవడానికి ఏ తల్లయినా చేసే పనే. ఆ మాట అట్నుంచి అటే ఆవిడ తల్లిగారింటికి పోతుంది.

"చెప్పరాదమ్మా. చెప్పొద్దని మా దాంట్ల రూలు."

"మీ నాయిన అడిగితే ఏం చెప్పాలె?"

"ఏసీ కోసం పోయిందని చెప్పు."

చాట చప్పుడు పెరిగింది. అమ్మ నన్ను నమ్మలేదని రాత్రి భోజనంలో తెలిసింది. నా కంచంలో మాత్రమే వెల్లుల్లికారం, వేడన్నం, నెయ్యి. పెరుగు లేదు. మర్నాడు పొద్దున వేడినీళ్లు కాచి పెట్టింది. చెవులకు మఫ్లరు కట్టింది. చల్లనీళ్లు ముట్టనియ్యలేదు, బరువు ఎత్తనియ్యలేదు, ఫ్యాను వేగం తగ్గించింది. బయట ఎండ నలభై దాటుతుంటే నేను బాలింతలా మఫ్లరు కట్టుకుని మిల్లు ఆఫీసులో కూర్చున్నాను. ఒక్క మాట తిట్టలేదు. వద్దంటే మాత్రం కంటి చివర్లు తుడుచుకునేది. ఆవిడ ఏడుస్తుంటే నా ప్రాణం కూడా ఆగదని అప్పుడే తెలిసింది, మౌనంగా వెల్లుల్లి తిన్నాను. ఆ పథ్యం తినాల్సినావిడ సూర్యాపేటలో అక్క ఇంట్లో ఏం తింటోందో నాకు తెలియదు. ఆమె వంతు నాకు వస్తోందని మాత్రం తెలుసు.

హాలియా నుంచి నన్ను పెళ్లిచూపులు చూసుకోవడానికి రావాల్సిన మిల్లు వాళ్లకు ఉన్నట్టుండి కోతల హడావుడి వచ్చిపడిందట. అది కోతల కాలం కాదు. నాన్న నన్ను ఏమీ అడగలేదు. మిల్లులో హమాలీలు నేను వస్తుంటే మాటలాపేవాళ్లు. ఇదంతా బోర్డులో చెబితే టీచరమ్మ కళ్లజోడు తీస్తుందని, ఈసారి తుడుచుకునేది నవ్వుకు కాదని నేను మనసులో ఒక చిన్న సభ ఏర్పాటు చేసుకున్నాను. అందులో కోదాడ అమ్మాయి ఆఖరి కుర్చీలో కూర్చుంటుంది.

మీటింగు రోజు మఫ్లరు బస్టాండులో విప్పేసి సూర్యాపేట చేరాను. టీచరమ్మ మొదలుపెట్టింది.

"ఒక మంచి కబురు. మొన్నటి పెన్‌పహాడ్ ఆమె ఫోన్ చేసింది. ఆరోగ్యం మంచిగున్నదట. ఇంట్ల ఎవ్వరికి తెల్వలేదట, అత్త జ్వరం తగ్గిందా అని అడిగిందట, అంతే. కోదాడ మేడం పుణ్యమా అని బయటపడ్డ అన్నది. మన అందరి తరఫున ఆమెకు చప్పట్లు."

చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టాయి, వెల్లుల్లి వాసన వస్తోంది వాటికి.

కోదాడ అమ్మాయి లేచింది. "అయ్యో, నేను వెళ్లలేదండి. ఆమె నాకూ ఫోన్ చేసింది, అంతే. వెళ్లింది ఈవిడండి. ఆమెను దాచడానికి హాల్లో ఆ కేసు తనదే అన్నట్టు లేచి వెళ్లిందట, ఆమె నాకంతా చెప్పింది. చప్పట్లు ఈవిడకు కొట్టాలండి" అని నా వైపు చూపించింది.

మళ్లీ కొట్టారు. రెండోసారి చప్పట్లకు ఊపు ఉండదు. పైగా అందరూ చూస్తున్నది ఆమెనే. తనకొచ్చిన పేరును తీసి ఇంకొకరికిచ్చిన మనిషిని చూసినట్టు. ఆ మంచితనం కూడా ఆమె ఖాతాలోనే పడింది. నేను నింద మోసి, మఫ్లరు మోసి, హాలియా సంబంధాన్ని వదులుకుని సంపాదించినదాన్ని ఆమె కుర్చీలోంచి లేచి సంపాదించేసింది.

టీచరమ్మ నా దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టింది. "మీ అమ్మతోని నేను మాట్లాడనా?" అంది. వద్దన్నాను. ఇంట్లో వెల్లుల్లికారం బాగుంటోందని చెప్పాను. కళ్లజోడు తీసింది. ఎందుకు తీసిందో తెలియదు, నేను అటు చూడలేదు.

ఆ రోజే కొత్త నియమం రాసుకున్నాం: ఎవరూ సొంత ఊళ్లో తోడు కూర్చోకూడదు. ఇక మీదట నేను కోదాడకు పోవాలి. మిర్యాలగూడ పూర్తిగా కోదాడ అమ్మాయిది. అంటే నా ఊరు కూడా ఆమెకే పోయింది. కొన్నాళ్లకు మా అమ్మను పలకరిస్తుందేమో, మా అమ్మ 'ఎంత మంచి పిల్లనో' అంటుందేమో.

పెన్‌పహాడ్ ఆమె మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన రోజు తోడుగా కోదాడ అమ్మాయే వెళ్లింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"అంతా బాగుందన్నారండి. ఇక రానక్కర్లేదట. ఇంట్లో కూడా ఏం లేదట."

"మంచిది."

"మిమ్మల్ని అడిగిందండి."

"ఏమని?"

"ఆ మేడంకు భయం తగ్గిందా అనండి."

కావ్యం రాసేవాళ్లకు ఇదే చోటు, ఇక్కడ ఇద్దరు యువతుల వైరం కరిగిపోవాలి. నేను నోరు తెరిచాను. ఈలోగా ఆమె అంది:

"ఇంకోటండి. వాచ్‌మన్‌ని అడిగాను. ఆ దవాఖానకు మేడ మీద ఇంకో హాలుందట. అక్కడ ఎవరూ కూర్చోరు, ఈసారి మేమక్కడే కూర్చున్నామండి. డాక్టరమ్మ గదిలోకి అట్నుంచి నేరుగా దిగే తలుపు కూడా ఉందండి. మందుల షాపు పక్కనుంచి మెట్లు."